కొరియా జాడీ, అమ్మ తరవాణి కుండ

క్రిందటి నెల ఇదే శీర్షికలో జొన్నరొట్టెకు జోడు గుర్రెళ్ళపొడా, శేంగా చట్నీయా అన్న తగవు తీర్చబోయి మేము రెండు పక్షాలవారి చేతా చీవాట్లు తిన్నాము. మాన్వి నుండి ఒకరు, సింధనూరు నుండి ఇద్దరు ఉత్తరాలు వ్రాశారు. రొట్టెలు ఆ పూటకే అరిగాయి గాని ఆ ఉత్తరాలు ఇంకా అరగలేదు. కావున ఈ నెల రాయచూరు జిల్లాలో ఎవరూ మాతో పోట్లాడ వీలులేని వంటలను ఎన్నుకున్నాము. అవి కొరియావారి వంటలు, పానీయాలు.

"పదవ తరగతితో చదువు ముగించి, పాతికేళ్ళుగా కచేరీలో ఫైళ్ళు మోసే గుమాస్తాకు కొరియా ఎక్కడ తగిలిందయ్యా?" అని మీరు అడగవచ్చు. మేము సముద్రం దాటలేదు, విమానమెక్కలేదు. రాయచూరులో రైలెక్కి గుంతకల్లు మీదుగా అనంతపురం పోయి, అక్కడ బస్సెక్కాము. పెనుకొండలో దిగేసరికి కొరియా ఎదురైంది.

పెనుకొండ మనకు కొత్త ఊరు కాదు. 1520లో కృష్ణదేవరాయలు మన రాయచూరు కోటను గెలిచారు. 1565లో తళ్ళికోట యుద్ధం పోయిన తరువాత ఆ విజయనగరపు గద్దె తరలిపోయింది పెనుకొండకే. ఇప్పుడు ఆ ఊరి పేరు మళ్ళీ నలుగురి నోటా వినబడుతున్నదంటే దానికి కార్లు కారణం. 2017లో కొరియా దేశపు కియా సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకొని, పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర సుమారు 536 ఎకరాల్లో, ఏడాదికి 3 లక్షల కార్లు తయారు చేయగల కర్మాగారం కట్టింది. 2019లో కార్లు బయటికి వచ్చాయి. దాని చుట్టూ విడిభాగాలు చేసే సంస్థలు వచ్చాయి. వాటితో ఇంజినీర్లు వచ్చారు. మనిషి వచ్చిన చోటికి వాడి తిండి రాక మానదు గదా! హైదరాబాదు, బెంగుళూరు నడిమి పెద్ద రోడ్డు పక్కన కొరియా అక్షరాల బోర్డులతో భోజనశాలలు వెలిశాయి.

మా పెద్దవాడు డిప్లొమా పూర్తిచేసి రెండేళ్ళ క్రితం అటువంటి విడిభాగాల కర్మాగారం ఒకదానిలో చేరాడు. వాణ్ణి చూడడానికి మొన్న మాఘమాసంలో వెళ్ళాము. బయలుదేరేటప్పుడు మా అమ్మ గుమ్మం దాకా వచ్చింది.

"ఒరేయ్ అబ్బాయ్, నీకు తిండి కనబడితే ఒళ్ళు తెలియదు. వాళ్ళు ఏది పెడితే అది నోట్లో వేసుకోకు. ఇది ఏమిటని అడిగి మరీ తిను" అన్నది.

నలభై ఎనిమిదేళ్ళ వయసులో ఈ హితవు వినవలసి వచ్చినందుకు మేము సిగ్గుపడలేదు. మమ్మల్ని ఎరిగిన వాళ్ళు మా అమ్మ మాట న్యాయమేనంటారు.

పెద్దవాడి పై అధికారి ఒక కొరియా పెద్దమనిషి. యాభై దాటి ఉంటాయి. తన క్రింద పనిచేసే కుర్రవాడి తండ్రి వచ్చాడని తెలిసి మమ్మల్ని భోజనానికి పిలిచాడు. గుమ్మంలో కాలు పెట్టగానే ఆయన ఏదో అడిగాడు. మావాడు నవ్వి, "అన్నం తిన్నారా అని అడుగుతున్నారు నాన్నా. వాళ్ళ పలకరింపే అది" అన్నాడు. అదేమిటి, మనదీ అదే గదా! రాయచూరు బజారులో కన్నడిగులు "ఊట ఆయ్తా?" అంటారు, మన ఇళ్ళలో "భోంచేశారా?" అంటారు. వాళ్ళు తల్లిని "ఒమ్మా" అనీ తండ్రిని "అప్పా" అనీ పిలుస్తారని కూడా అక్కడే తెలిసింది. కొరియావారితో మనకు చుట్టరికం కలిపే సాహసం మేము చేయము గాని, "అప్పా" అన్న మాట విన్న తరువాత ఆ ఇంట్లో మాకు బెరుకు తగ్గిందన్నది నిజం.

వాళ్ళ భోజనపు బల్ల చూడగానే మా వంటి వాడికి కళ్ళు చెదరడం సహజం. ఒక్కొక్కరికి ఒక గిన్నెడు అన్నం, ఒక గిన్నెడు పులుసు. నడుమ అందరికీ కలిపి పది పన్నెండు చిన్న గిన్నెలు. వీటిని బంచాన్ అంటారు. పాలకూర, మొలకలు, ముల్లంగి, ఎండుచేపలు, సముద్రపు నాచు, ఇట్లా రకరకాలు. మా ఇంట్లో చేపకు అభ్యంతరం లేదు, పశుమాంసమూ పందిమాంసమూ లేవు. ఈ సంగతి మావాడు ముందే చెప్పి ఉంచాడు. అయినా అమ్మ మాట ప్రకారం ప్రతి గిన్నె చూపించి "ఇది ఏమిటి?" అని అడిగాము. ఆయన విసుక్కోకుండా ప్రతిదానికీ జవాబు చెప్పాడు.

అన్నం మన క్యాంపుల సోనామసూరి వలె పొడిపొడిగా ఉండదు. గింజ పొట్టి, అన్నం జిగురు. పుల్లలతో తినే వాళ్ళకు మెతుకు మెతుకును అంటి ఉండడమే సుఖం కాబోలు. ఆ పుల్లలు వెదురువి కావు, లోహపువి, నున్నగా జారిపోతాయి. రెండు మెతుకులు నోటికి చేరే లోపల నాలుగు చొక్కా మీద పడ్డాయి. అన్నానికీ పులుసుకూ వాళ్ళు చెంచాయే వాడతారని తెలిసిన తరువాత మా పరువు కొంత నిలిచింది. బల్ల దగ్గర పెద్దవారు చెంచా ఎత్తేదాకా చిన్నవాళ్ళు ముట్టరు. మా పెద్దవాడు మేము మొదలుపెట్టేదాకా చేతులు కట్టుకొని కూర్చున్నాడు. ఇంట్లో ఉన్నప్పుడు వాడికీ అలవాటు లేదని మనవి.

ఇక కిమ్చి సంగతి. ఒక రకం పొడుగుపాటి క్యాబేజీని ఉప్పులో ఊరవేసి, కడిగి, కారం, వెల్లుల్లి, అల్లం, ఉప్పుచేపల రసం కలిపిన ముద్దను ఆకు ఆకుకూ పట్టించి జాడీలో పెడతారు. నూనె చుక్క ఉండదు. ఉప్పుకు ఆకులోని నీరు దిగుతుంది. ఆ ఉప్పునీటిలో చెడ్డ సూక్ష్మజీవులు బ్రతకలేవు. పెరుగును పులియబెట్టే జాతివి మాత్రం బ్రతికి పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపే మళ్ళీ దానికి కాపలా. మొదటి ముక్క నోట్లో వేసుకున్నప్పుడు మాకు వాసన తగిలింది. రెండవ ముక్కకు కారం తెలిసింది. మూడవదానికి పులుపు తెలిసింది. నాలుగవది మేమే అడిగి వేయించుకున్నాము.

ఆ కారం కూడా వాళ్ళకూ మనకూ ఒక్క కాలపు చుట్టమే. 1520 నాటి రాయచూరు ముట్టడిలో రాయలవారి పక్షాన తుపాకులు పేల్చిన పోర్చుగీసువారు ఉన్నారు. అమెరికా ఖండపు మిరపను మన తీరానికి తెచ్చింది ఆ పోర్చుగీసు ఓడలే. అంతకు ముందు మన వంటలో ఘాటంటే మిరియాలదే. కొరియాలో 1614 నాటి ఒక గ్రంథం మిరప జపాను నుండి వచ్చిందనీ, దానిలో విషమున్నదనీ చెబుతుంది. ఆ విషాన్నే ఇప్పుడు వాళ్ళు మూడు పూటలా తింటున్నారు. మనమూ తింటున్నాము. వాళ్ళ కారం ఎరుపు హెచ్చు, మంట తక్కువ. గుంటూరు కంటె మన హావేరి వైపు బ్యాడగి మిరపకు దగ్గర. గోచుజాంగ్ అని వాళ్ళకొక ఎర్రని ముద్ద ఉన్నది. కారం, జిగురు బియ్యం, పులియబెట్టిన సోయా గింజల పిండి, ఉప్పు కలిపి నెలల తరబడి జాడీల్లో ఉంచుతారు. చూపుకు మన పండుమిరపకాయ పచ్చడి, ఇక్కడి కన్నడిగుల రంజక. తింటే చివరన తీపి తగులుతుంది.

మనకూ వాళ్ళకూ ఊరగాయ ఎందుకు పుట్టిందో ఆలోచిస్తే ఒక తేడా కనబడింది. వాళ్ళు చలికి భయపడి పెట్టుకున్నారు, మనము ఎండకు భయపడి పెట్టుకున్నాము. వాళ్ళకు శీతాకాలంలో మంచు క్రింద ఆకు మొలవదు. కాబట్టి కార్తికం దాటే వేళకు ఇరుగుపొరుగు కలిసి వందల కొద్దీ క్యాబేజీలకు ఉప్పు వేసి, జాడీలను మెడదాకా భూమిలో పాతేవారు. ఆ సామూహికపు పనికి కింజాంగ్ అని పేరు. 2013లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చింది. మన ఆవకాయ వైశాఖంలో. మామిడి దొరికే ఆ నెలలోనే ఎండ మండుతుంది, తడి తగిలితే బూజు. అందుకే పొడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, నూనెలో ముంచుతాము. వాళ్ళకు మంచు చేసిన పని మనకు నువ్వులనూనె చేసింది.

భోజనమయిన తరువాత పానీయాలు. మొదటిది సిఖ్యె. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని నీటిలో నానబెట్టి, ఆ తేటలో అన్నం వేసి వెచ్చగా ఉంచితే, అన్నంలోని పిండి చక్కెరగా మారుతుంది. చల్లార్చి, తేలే మెతుకులతో సహా ఇస్తారు. మత్తు లేదు, పిల్లలు కూడా త్రాగవచ్చు. సుజొంగ్వా అని మరొకటి ఉన్నది. దాల్చినచెక్క, అల్లం మరిగించి తీపి కలిపి, అందులో ఎండిన కాకిపండు వేస్తారు. అది మాకు శ్రీరామనవమి పానకాన్ని జ్ఞాపకం చేసింది.

తరువాత ఆయన లోపలికి పోయి, స్వదేశం నుండి వచ్చిన ఒక సీసా తెచ్చాడు. తెల్లగా, చిక్కగా ఉన్నది. మజ్జిగ అనుకొని చేయి చాచాము. మావాడు చెవిలో, "నాన్నా, అది మక్కొల్లి. కల్లు వంటిది" అన్నాడు. సంపాదకులు మన్నింతురు గాక, ఒక్క గుక్క రుచి చూశాము. కొంచెం పులుపు, కొంచెం తీపి, నాలుక మీద బియ్యపు పిండి పొర. మోటుగా దంచిన గోధుమలను తడిపి, అచ్చులో త్రొక్కి, బూజు పట్టేదాకా ఉంచిన బిళ్ళను నూరుక్ అంటారు. ఆవిరి మీద వండిన అన్నంలో ఆ నూరుక్, నీళ్ళు కలిపితే కొన్ని రోజులకు మక్కొల్లి అవుతుంది. మత్తు నూటికి 6 నుండి 8 పాళ్ళు. రైతులు పొలంలో త్రాగే పానీయం. పెద్దవారికి రెండు చేతులతో పోస్తారు. తన గిన్నెలో తాను పోసుకోడు. పెద్దల ముందు త్రాగవలసి వస్తే మొగం ప్రక్కకు తిప్పుకుంటారు. కల్లుకు కూడా ఇంత మర్యాద!

ఆ మర్యాద తెగిపోయిన రోజులు కూడా ఉన్నాయట. జపాను పాలనలో ఇంట్లో చేసుకోవడం నేరమయింది. 1960లలో బియ్యానికి కరవు వచ్చి, బియ్యంతో మద్యం చేయగూడదని వాళ్ళ ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. గోధుమపిండితో సరిపెట్టుకున్నారు. 1970ల చివర పంట పెరిగిన తరువాతనే బియ్యపు మక్కొల్లి తిరిగి వచ్చింది. ఇంట్లో చేసుకొనే హక్కు 1995కు గాని రాలేదు. ఇన్నేళ్ళకు ఇంటింటి పద్ధతులు మరుగున పడినవి. వాటిని పాత గ్రంథాలనుండీ పెద్దవాళ్ళ నోటినుండీ ఏరుకోవలసి వచ్చింది. 2021లో మక్కొల్లి తయారీని ప్రభుత్వమే జాతీయ వారసత్వంగా గుర్తించింది.

మేము ఇక లేవబోతుంటే ఆయన ఆఖరున ఒక గిన్నె ఇచ్చాడు. వేడినీళ్ళు, అడుగున నాలుగు మాడు మెతుకులు, గోధుమరంగు, కమ్మని మాడువాసన. సుంగ్న్యుంగ్ అట. అన్నం వండిన పాత్రకు అడుగున అంటిన మాడు మీద నీళ్ళు పోసి మరిగించడమే దాని తయారీ. ఖర్చు శూన్యం. అప్పుడు ఆయన చెప్పిన మాటను మావాడు తెనిగించాడు. "కరెంటు కుక్కర్లు వచ్చినాక అన్నం మాడడం లేదు. మా అమ్మ ఇనుప బానలో వండేది. ఇప్పుడు ఇది కావాలంటే పనిగట్టుకొని మాడ్చుకోవాలి. అమ్మ ఉన్నప్పుడు ఇది పేదవాళ్ళ నీళ్ళని నేను త్రాగేవాణ్ణి కాదు."

మేము ఏమీ అనలేదు. ఆ మాట మాత్రం రైల్లో గుంతకల్లు దాకా మాతో వచ్చింది.

రాయచూరు చేరిన వారానికే మా ఇంట్లో కిమ్చి ప్రయోగం జరిగింది. మామూలు క్యాబేజీ, ముల్లంగి, బ్యాడగి కారం, అల్లం, వెల్లుల్లి, ముద్ద బిగువుకు బియ్యప్పిండి గంజి. మా ఇంటావిడ చేపల రసానికి ఒప్పుకోలేదు, మానేశాము. దానికి ఆధారం లేకపోలేదు. కొరియాలో బౌద్ధాలయాల కిమ్చిలో చేప ఉండదు, వెల్లుల్లి ఉల్లి కూడా ఉండవు. మడి ఇళ్ళవారు ఆ శాఖలో చేరవచ్చు. మేము చేసిన తప్పు వేరు. స్టీలు డబ్బాకు నిండా కూరి, మూత బిగించి, వంటింటి గట్టు మీద వదిలేశాము. పులిసేటప్పుడు గాలి పుడుతుందని విన్నాము గాని, కొరియా మంచుకూ రాయచూరు ఎండకూ ఉన్న తేడా లెక్కలోకి తీసుకోలేదు. రెండవ రోజు మధ్యాహ్నం మూత "ఢామ్" అన్నది. గోడ మీద ఎర్రనీళ్ళు. వీధంతా వాసన. మా ఇంటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని మావైపు చూసిన చూపును వర్ణించము.

మా అమ్మ కర్ర ఊతంతో వంటింట్లోకి వచ్చింది. డబ్బా మీదికి వంగి వాసన చూసింది. మేము తిట్లకు సిద్ధపడ్డాము.

"ఇది తరవాణి వాసన గదరా" అన్నది.

ఇక్కడ మేము ఒక సంగతి ఒప్పుకోవలసి ఉన్నది. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి ఎడమ కాలువ క్రింద నీళ్ళు పారసాగిన ఏళ్ళలో, మీలో చాలామంది పెద్దల వలెనే మా తాతగారు కూడా గోదావరి జిల్లా నుండి వచ్చి సింధనూరు దగ్గర క్యాంపులో పొలం కొన్నారు. మా నాయనమ్మ వచ్చినప్పుడు ఆమెతో తరవాణి కుండ వచ్చింది. గంజి, బియ్యం కడిగిన నీళ్ళు ఆ కుండలో పోసి, నాలుగు మెతుకులు వేసి, దబ్బాకు వేసి, గుడ్డ కట్టేది. మూడు రోజులకు పులిసేది. తేట వంచుకొని, ఉప్పు, అల్లం కలిపి త్రాగేవాళ్ళము. తీసినంత గంజి మళ్ళీ పోసేది. కుండ ఎప్పుడూ ఖాళీ కాదు. నాయనమ్మ తరువాత అది మా అమ్మ చేతికి వచ్చింది. ఎండాకాలం నాట్లకు పోయే కూలీలకు ముంతలతో పోసేది. మేమూ అది త్రాగి పెరిగినవాళ్ళమే.

పదిహేనేళ్ళ క్రితం మేము రాయచూరు పట్నంలో ఇల్లు తీసుకొని అమ్మను తీసుకొనివచ్చాము. కుండ కూడా వచ్చింది. ఒకనాడు మా కచేరీ నుండి ఒక పెద్ద ఉద్యోగి ఇంటికి వచ్చి, కూర్చుంటూనే, "ఏమిటండీ వాసన? కుడితా?" అని నవ్వారు. ఆయన పోయిన తరువాత మేము అమ్మతో, "ఇది పట్నం. ఆ కుండ ఇక్కడ వద్దమ్మా" అన్నాము. అమ్మ మారుమాట్లాడలేదు. మరునాడు కుండ కడిగి, అడుగున చిల్లు పొడిచి, మట్టి పోసి పెరట్లో తులసి నాటింది. ఇప్పటికీ తులసి అందులోనే ఉన్నది. ప్రతి ఉదయం దాని ముందునుండే కచేరీకి పోతున్నాము. పెనుకొండ పోయి, కొరియావారి మాడునీళ్ళు రెండు చేతులా అందుకొని కమ్మగా ఉన్నాయన్నాము. ఇంట్లో అమ్మ పోసిన నీళ్ళను మాత్రం ఒక్కరి నవ్వుకు జడిసి పారబోయించాము.

ఆ సాయంత్రం అమ్మ దగ్గర కూర్చొని, "తరవాణి మళ్ళీ పెడతావా?" అని అడిగాము.

"ఇప్పుడెందుకురా, నాకు ఓపిక లేదు" అన్నది. కొంతసేపటికి, "కుండ కొత్తదైతే ముందు మూడు రోజులు గంజి పోసి పారబోయాలి. మట్టి వాసన పోవాలి" అన్నది.

మరునాడే బజారులో కుండ కొన్నాము. అమ్మ మంచం మీదనుండి చెబుతుంటే మా రెండవది, తొమ్మిదవ తరగతి చదివే పిల్ల, గంజి పోసింది. దబ్బాకు మాకు దొరకలేదు. నిమ్మాకు వేశాము. గుడ్డ కట్టాము, మూత బిగించలేదు, ఆ బుద్ధి వచ్చింది. నాలుగవ నాడు అమ్మకు ముంతలో పోసి ఇచ్చాము. రెండు చేతులతోనే ఇచ్చాము. ఒక గుక్క త్రాగి, పెదవి విరిచి, "కుక్కరు గంజి. చిక్కదనం లేదు. ఇంకా కుదరలేదు" అని పిల్ల చేతికి తిరిగి ఇచ్చింది. వాంపు అన్నం వార్చితే గాని గంజి రాదట. మా ఇంటావిడ ఇప్పుడు వారానికి మూడు రోజులు అన్నం వారుస్తున్నది. మా అమ్మకు డెబ్బై ఆరేళ్ళు. కుదిరేదాకా నేర్పించుకోవాలని మాకు తొందరగా ఉన్నది.

కాబట్టి సింధనూరు, మాన్వి, మస్కి, సిరవార క్యాంపుల అమ్మలకూ నాయనమ్మలకూ ఈ శీర్షిక ద్వారా ఒక మనవి. మీ ఇంట తరవాణి ఏ పద్ధతిలో పెట్టేవారు? దబ్బాకు లేనిచోట ఏమి వేసేవారు? కుండ ఎన్ని రోజులకు కుదురుతుంది? వ్రాత రాని పెద్దవారి చేత మనుమలు అడిగి వ్రాయించి సంఘం చిరునామాకు పంపండి. వచ్చినవన్నీ ఇక్కడ అచ్చువేయిస్తాము. గుర్రెళ్ళపొడి తగవు మీద ఇంకా కోపం ఉన్నవారు తిట్లు కూడా అదే కవరులో పంపవచ్చు. రెండూ చదువుతాము.